తేడాలు రాయుము

నోట్‌బుక్కు నడిమిట్ల స్కేలు పెట్టి
గీత గీసుకొచ్చింది నవనీత.
ఎడమదిక్కు ఆస్ట్రేలియా తుమ్మ,
కుడిదిక్కు నేలచుక్క.
"పది తేడాలు రాయమన్నడు తాతా సైన్సు సారు.
నువ్వు ప్లాంటేషన్ వాచర్‌వు గదా,
నిన్నడుగుమన్నడు."

తెలుసు బిడ్డా. సగం తెలుసు.
నేను చెప్త, నువ్వు రాయి,
పెన్ను నా వేళ్లల్ల నిలువది.

తుమ్మ లారీల వచ్చింది.
నల్లకవర్లల్ల జానెడు జానెడు మొక్కలు
నాలుగు వేల రెండువందలు.
మర్రిగూడెం దాటినంక ఈ బోడగుట్ట మీదికి
తట్టలల్ల మేమే మోసినం,
మనిషికి అరవై గుంతలు.
మొలిచిన కొత్తల దానికి
సన్నసన్నటి ఈకలాకులుంటయి.
కొన్నాళ్లకు అవి పోయి
ఆకుకాడే వెడల్పై, కొడవలిలెక్క వంగి,
నేనే ఆకునని నిలవడ్తది.
మన దిక్కు ఎండకు అట్లనే బతకాలె మరి.
రాయి: కాడనే ఆకు చేసుకున్న చెట్టు.

నేలచుక్క ఏ లారీల రాలే.
రిజిస్టర్ల దానికి గడి లేదు.
ఒకసారి చెక్కింగుకొచ్చిన రేంజర్ సారు
బూటు కింద మెత్తగ నలిగితే ఆగి
"ఏందిర శంభయ్యా, మేకపెంటికనా?" అన్నడు.
అవును సార్ అన్న.
దినకూలి కొలువాయె, ఇంకేమంట.

మృగశిర తొలివాన పడ్డంక వస్తె చూపిస్త.
రాలిన తుమ్మాకుల కింద, మట్టిల,
పిలగాండ్లు పారేసుకున్న గోలీ లెక్క ఉంటది.
తెల్లారేసరికి తోలు పగిలి
ఆరో ఏడో వేళ్లు చాపి ఎల్లెలకల పంటది.
నడుమ బూడిదరంగు సంచి,
దానికో చిల్లి.
చెట్టు మీది చినుకు జారి ఆ సంచి మీద పడ్డదనుకో,
ఉఫ్ఫని ఊదినట్టు దుమ్ము లేస్తది,
ఆరిపోయే బీడీకి ఆఖరు పొగంత.
గంతే దాని సంసారం.

తుమ్మకాయ అట్ల కాదు.
చెవిలెక్క మెలిపడి, నల్ల గింజకు
పసుపుపచ్చ దారం కట్టి వేలాడదీస్తది.
పిట్టలు రావాలె, చూడాలె, మెచ్చాలె.
"ఇది ఎన్నో తేడా తాతా?"
నువ్వే లెక్కవెట్టు.

ఆ గూట్లె తంబాకు డబ్బీ తే.
మూత తియ్యి. ఎండిన పిడికిలి లెక్కుంది గదా,
ఆరేండ్ల కిందటిది, సచ్చిపోయింది.
సాసర్ల ఇన్ని నీళ్లు పొయ్యి.
తొందరవడకు.
చూస్తున్నవా, వేళ్లు తెరుస్తున్నది.
ఎండల వెడితే మల్ల మూస్తది.
సచ్చినా నీళ్లను మరువది.

నా వేళ్లు నీళ్లతోనే మూసుకపోయినయి.
నలభై ఏండ్లు బోరింగు నీళ్లు,
తియ్యగనే ఉండె, చల్లగనే ఉండె.
మెడ తిప్పాలంటే ఇప్పుడు మనిషంత తిరగాలె.
నల్లా వచ్చింది, కృష్ణ నీళ్లట.
నీ పండ్లు తెల్లగున్నయి, నవ్వు ఒకసారి.

"ఇది తేడా కాదు తాతా, నీ ముచ్చట."

ఔను, కొట్టెయ్యి.
ఇంకొకటి రాసుకో:
తుమ్మకు గడువుంది.
పోయిన మాఘంల కాయితం మిల్లోళ్ల రంపాలొచ్చినయి,
మూడు దినాల్ల గుట్ట మల్ల బోడయ్యింది.
రిజిస్టర్ల ఎర్రసిరా గీత కొట్టి
కింద నా ఏలిముద్ర తీసుకున్నరు.
చుక్కల సంగతి ఎవ్వలడగలే.
మొదళ్లు ఉన్నయి, మొదళ్ల కింద ఏమున్నదో
వానకే తెలుస్తది.

తొమ్మిదయినయి. పదోదానికి
పెన్ను కొరుక్కుంట శానసేపు కూసున్నది,
తర్వాత నన్నడగకుండ, గీత దాటి,
రెండు గడులను కలిపి రాసింది:
రెండూ మా తాత గుట్ట మీద ఉండేవి.

సోమారం నోట్‌బుక్కు తెచ్చి చూపించింది.
సారు ఎర్రపెన్నుతోటి సున్న చుట్టిండు:
"ఇది తేడా కాదు, పోలిక."
అరమార్కు పోయింది.